నాలుగు రోజుల టికెట్టు కొని ఒక్క రోజులో తిరిగొచ్చేవాళ్ళతో నా గొడవ

చైనాలోని హునాన్ రాష్ట్రంలో జాంగ్‌జియాజియే ఫారెస్ట్ పార్కు ఉంది కదా, దానికి ఒకసారి టికెట్టు కొంటే నాలుగు రోజులు చెల్లుతుంది. లోపల తిరిగే బస్సుల ఖర్చు కూడా అందులోనే. ధర సుమారు 225 యువాన్లు, మన డబ్బుల్లో మూడు వేలకి అటూ ఇటూ. పార్కు నడిపేవాళ్ళు దానధర్మం కింద ఆ నాలుగు రోజులు ఇవ్వలేదు, అక్కడి వాతావరణం సంగతి తెలిసే ఇచ్చారని నా నమ్మకం. మన దగ్గర అమ్మే చైనా ప్యాకేజీల్లో మాత్రం దానికి దక్కేది ఒక్క రోజు. పొద్దున తొమ్మిదికి గేటు, పదకొండుకి లిఫ్టు, ఒంటిగంటకి భోజనం, నాలుగింటికి కేబుల్ కారు దిగి హోటలు, తెల్లారితే ఫ్లైటు. ఆ రోజు కొండ మీద మబ్బు కమ్మిందా, ఇక అంతే సంగతులు.

వచ్చే మే నెలలో మేం వెళ్దామనుకుంటున్నాం. మేం అంటే నేను, మా ఆవిడ, అమ్మ, అక్కా బావా, వాళ్ళ ఇద్దరు పిల్లలు. షెన్‌జెన్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో నేను అక్కడికి వెళ్ళాను కాబట్టి ప్లాను బాధ్యత నా నెత్తిన పడింది, పడ్డ మరుక్షణం నుంచీ ఇంట్లో ప్రతివాళ్ళూ సలహాదార్లే. బావ విజయవాడలో ఒక ఏజెన్సీ నుంచి కొటేషన్ పట్టుకొచ్చి డైనింగ్ టేబుల్ మీద పరిచాడు. బీజింగ్, షియాన్, జాంగ్‌జియాజియే, షాంఘై, అన్నీ ఎనిమిది రాత్రుల్లో.

"ఒరేయ్, అంత వీసా ఫీజు కట్టి అంత దూరం పోయి ఒక్క కొండ చూసి వస్తామా?" అన్నాడు.

"ఒక్క కొండ కాదు బావా, మూడు వేల పైచిలుకు."

"మూడు వేలైనా కొండలు కొండలే కదరా!"

బావ ఆడిటర్, ఆయనతో లెక్కల్లో గెలవడం కష్టం. అందుకే అప్పుడు వాదించలేదు, ఇక్కడ రాస్తున్నాను.

మూడు వేలు అన్నది యునెస్కో వాళ్ళ లెక్క. 1992లో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కిన వూలింగ్‌యువాన్ ప్రాంతం 26 వేల హెక్టార్ల పైన ఉంటుంది, అందులో నిటారుగా నిలబడ్డ రాతి స్తంభాలు 3,000 దాటతాయి, చాలావాటి ఎత్తు 200 మీటర్ల పైమాటే. మనం చెప్పుకుంటున్న ఫారెస్ట్ పార్కు ఆ ప్రాంతంలో ఒక భాగం. 1982లో పెట్టారు, చైనాలో మొట్టమొదటి జాతీయ అటవీ పార్కు అదే. అంతకుముందు అది ప్రభుత్వం చెట్లు పెంచే అటవీ క్షేత్రం, బయటి లోకానికి దాదాపు తెలియదు. 1979లో వూ గ్వాన్‌జోంగ్ అనే పేరున్న చిత్రకారుడు బొమ్మలు వేసుకుందామని హునాన్ వచ్చి, ఎవరో చెబితే అటు వెళ్ళి చూసి, ఉండబట్టలేక పత్రికలో వ్యాసం రాశాడు. ఆ తర్వాతే జనం కదలడం మొదలైంది. నాకు ఈ కథలో నచ్చేది ఏమిటంటే, ఆ చోటుని లోకానికి చూపించినవాడు బొమ్మలు వేసేవాడు. స్కెచ్ బుక్కు పట్టుకుని ఒక రాయి ముందు గంటలకొద్దీ కూర్చునే రకం. మనం అదే రాయి ముందు సెల్ఫీకి నలభై సెకన్లు ఇస్తాం.

ఆ రాళ్ళు ఎలా తయారయ్యాయో తెలిస్తే ఎన్ని రోజులు ఉండాలో కూడా తెలుస్తుంది. అవి సున్నపురాయివి కావు, గట్టి క్వార్ట్జ్ ఇసుకరాయివి. కోట్ల ఏళ్ళ కిందట నీళ్ళ అడుగున పేరుకున్న ఇసుక గట్టిపడి, రాయై, పైకి లేచి, నిలువుగా పగుళ్ళు విచ్చింది. ఆ పగుళ్ళలోకి దిగిన నీరు చలికాలంలో గడ్డకట్టి ఉబ్బడం, చెట్ల వేళ్ళు దూరి చీల్చడం, రాలిన దాన్ని వానలూ వాగులూ ఊడ్చుకుపోవడం, ఇలా కోసుకుపోగా కోసుకుపోగా మిగిలినవి ఈ స్తంభాలు. ప్రతిదాని నెత్తినా పైన్ చెట్లు, నడుముల్లో కూడా పొదలు, మట్టి ఎక్కడుందో తెలియని చోట పచ్చదనం. ఏడాదికి దాదాపు 1,400 మిల్లీమీటర్ల వాన పడుతుంది, అందులో ఎక్కువ భాగం ఏప్రిల్ నుంచి జూలై లోపు. తడే లేకపోతే అక్కడ కొండలూ లేవు, అడవీ లేదు. కాబట్టి "మేం వెళ్ళిన రోజే మబ్బు పట్టింది, మా ఖర్మ" అని రివ్యూలు రాసేవాళ్ళని చూస్తే నాకు ఆశ్చర్యం. మబ్బు పట్టని రోజు దొరకడమే అక్కడ అదృష్టం, దానికోసం రోజులు చేతిలో ఉంచుకోవాలి.

నేను ఆ పార్కులోనే ఉన్న తియాన్‌జి కొండ మీద నిలబడ్డ రోజు ఎదురుగా మబ్బు, తెల్లగోడలా. రెయిలింగు కింది అంచున నీటి బొట్లు వరసగా వేలాడుతున్నాయి, చొక్కా చేతులు తడిసి ముంజేతులకి అంటుకుపోయాయి. అక్కడ టూరిస్టులకి ఫొటోలు తీసి ప్రింటిచ్చే ఒకావిడ స్టాండుకి లామినేట్ చేసిన పెద్ద బొమ్మ తగిలించింది. మబ్బు లేకపోతే అక్కణ్ణుంచి ఏం కనబడుతుందో ఆ బొమ్మ. జనం లోయ వైపు వీపు పెట్టి, ఆ బొమ్మ పక్కన నిలబడి ఫొటోలు దిగుతున్నారు! ఒక గైడు జెండా పైకెత్తి నడుముకి కట్టుకున్న మైకులో చెబుతూనే ఉన్నాడు, అతని వెనక ముప్పై మందీ అతను చెయ్యి చూపిన దిక్కుకల్లా బుద్ధిగా తల తిప్పుతున్నారు, ఎటు తిప్పినా తెలుపే. మధ్యాహ్నం రెండింటికి వాళ్ళ బస్సు. నాకు బస్సు లేదు. మర్నాడు అదే టికెట్టుతో అదే గేటులోంచి మళ్ళీ వెళ్ళాను. ఈసారి మబ్బు లోయలోకి దిగిపోయి, స్తంభాల తలలు మాత్రం పైకి తేలి, కాసేపటికి నడుముల దాకా కనబడి, మళ్ళీ మునిగిపోయి, అలా పొద్దుటంతా సాగింది. ఒక్కొక్కటీ ఎప్పుడు బయటపడుతుందో చూస్తూ తెచ్చుకున్న బిస్కెట్లన్నీ తినేశాను. వాతావరణ శాఖ అంచనా ఆ రెండు రోజులకీ ఒకటే చెప్పింది, మేఘావృతం అని.

ఇప్పుడు పార్కు అమరిక కొంచెం చెప్పాలి, ఎందుకంటే ప్లానింగులో సగం టెన్షన్ ఇది అర్థంకాకే వస్తుంది. మ్యాపులో చూస్తే పాతిక పేర్లు కనబడి కళ్ళు తిరుగుతాయి గానీ, అసలు ఉన్నవి రెండే: పైన, కింద. పైన అంటే స్తంభాల తలలతో సమానంగా ఉండే అంచులు. యువాన్‌జియాజియే, తియాన్‌జి కొండ, యాంగ్‌జియాజియే, ఇంకో పక్క విడిగా హువాంగ్‌షిజాయ్. కింద అంటే వాటి పాదాల దగ్గర పారే వాగులు. ముఖ్యమైనది జిన్‌బియాన్ వాగు, దాని వెంట ఆరేడు కిలోమీటర్లు దాదాపు చదునైన రాతిబాట. పైనుంచి కిందకీ కిందనుంచి పైకీ పోవడానికి కేబుల్ కార్లు, ఒక లిఫ్టు, బోలెడన్ని మెట్లు. కేబుల్ కార్లకీ లిఫ్టుకీ టికెట్టు విడిగా కొనాలి. ప్యాకేజీ వాళ్ళు మిమ్మల్ని పైన మాత్రమే తిప్పుతారు. కింద చూడ్డానికి ఏముంది సార్, వాగే కదా, అంటారు. ఆ స్తంభాలు ఎంత ఎత్తో కిందనుంచి తలెత్తి చూస్తే తప్ప ఒంటికి తెలియదు. పైనుంచి చూస్తే అవి బొమ్మలు. వాగు పక్కన నిలబడి, 380 మీటర్ల దాకా ఉండే జిన్‌బియాన్ రాయి మొదట్నుంచి చివరిదాకా చూపు తీసుకెళ్ళాలంటే మెడ పట్టేస్తుంది.

ఆ వాగు దారిలో కోతులుంటాయి. చేతిలో ప్లాస్టిక్ కవరు కనబడితే అది తమకే తెచ్చారనుకుంటాయి. తిండి అంతా జిప్పున్న బ్యాగులో పెట్టి వీపున తగిలించుకోండి, వాటికి ఏమీ పెట్టకండి.

లిఫ్టు సంగతి. దాని పేరు బైలాంగ్, కొండ గోడకి అతికించినట్టు 326 మీటర్ల ఎత్తు, అందులో 154 మీటర్లు కొండ లోపల తొలిచిన బావి, మిగతాది బయట ఉక్కు చట్రం. 1999లో పని మొదలై 2002లో జనాన్ని ఎక్కించడం మొదలుపెట్టారు. దానికి కాస్త ముందు, 1998లో, యునెస్కో బృందం వచ్చి ఈ ప్రాంతమంతా హోటళ్ళూ దుకాణాలతో నిండిపోయిందని గట్టిగానే మందలించింది, ఆ తర్వాత లోపల చాలా కట్టడాలు కూలగొట్టి ఆ ఊళ్ళవాళ్ళని బయటికి పంపారు. ఒక చేత్తో హోటళ్ళు కూలగొడుతూ ఇంకో చేత్తో కొండకి లిఫ్టు బిగించడం ఏమిటని అప్పట్లోనే విమర్శలొచ్చాయి. నాకూ ఆ చట్రం కంటికి నచ్చదు. దూరం నుంచి చూస్తే అంత పెద్ద కొండ గోడ మీద అదొక్కటే గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది, అడవిలో అంత తిన్ననిది ఇంకేదీ ఉండదు. అయినా అమ్మని అందులోనే ఎక్కిస్తాను. అమ్మకి అరవై ఆరేళ్ళు, కుడి మోకాలి చిప్ప అరిగిందన్నారు. పర్యావరణం మీద నాకున్న అభిప్రాయాలకి మా అమ్మ మోకాలు బలికావడం న్యాయం కాదు. ఈ రెండు మాటలూ ఒకేసారి నిజమే, దీనికి నా దగ్గర పరిష్కారం లేదు.

లిఫ్టు పైకి పోవడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు, దాని క్యూ మాత్రం రద్దీ రోజుల్లో గంటల లెక్క. ఇక్కడ చిన్న కిటుకు ఉంది. నూటికి తొంభై గుంపులు పొద్దున తూర్పు వైపున్న వూలింగ్‌యువాన్ గేటులోంచి వచ్చి నేరుగా లిఫ్టు దగ్గర వాలతాయి, సాయంత్రం తియాన్‌జి కేబుల్ కారులో దిగుతాయి. మనం దాన్ని తిరగేస్తే చాలు, పొద్దున కేబుల్ కారు ఎక్కి తియాన్‌జి, అక్కణ్ణుంచి బస్సులో యువాన్‌జియాజియే, చివర్లో లిఫ్టులో కిందకి. ఇంకా మంచిది, పొద్దుటిపూట అసలు పైకి పోకుండా వాగు దగ్గర గడిపి, మధ్యాహ్నం తర్వాత ఎక్కడం. ఒక్క రోజే ఉన్నవాళ్ళు ఈ పని చెయ్యలేరు, వాళ్ళకి మధ్యాహ్నం నాలుగంటే దిగే టైము.

యువాన్‌జియాజియేలో ఒక స్తంభం దగ్గర మాత్రం ఎప్పుడు వెళ్ళినా తోపులాటే. 2009లో అవతార్ సినిమా వచ్చాక, 2010 జనవరిలో దానికి ఆ సినిమాలోని తేలే కొండల పేరు పెట్టేశారు. మన యూట్యూబర్లకి అదే థంబ్‌నెయిలు. బాగుంటుంది, కాదనను. దానికి అటూ ఇటూ ఉన్న పేరులేని వంద స్తంభాలు కూడా అంతే బాగుంటాయి, వాటి ముందు నిలబడితే మాత్రం ఎవరి మోచెయ్యీ మీ డొక్కలో గుచ్చుకోదు.

మెట్ల గురించి భయపడేవాళ్ళకి ఒక కొలత చెబుతాను. హువాంగ్‌షిజాయ్‌కి మెట్లు 3,878 అని అక్కడ చెబుతారు. మన అలిపిరి మెట్లు 3,550. కాబట్టి అలిపిరి ఎక్కినవాళ్ళు ఇదీ ఎక్కగలరు, కాకపోతే పక్కన గోవింద నామాలు వినిపించవు, గాలిలో తేమ ఎక్కువ. హువాంగ్‌షిజాయ్ ఎక్కకపోతే జాంగ్‌జియాజియే వచ్చి దండగ అని అక్కడివాళ్ళకి ఒక మాట ఉంది. ప్యాకేజీల్లో ఆ పేరే ఉండదు, ఎందుకంటే అది మిగతా కొండలకి విడిగా ఇంకో మూల ఉంది, దానికో పూట పోతుంది. ఎక్కలేనివాళ్ళకి అక్కడా కేబుల్ కారు ఉంది. కొన్ని దారుల్లో డోలీ మోసేవాళ్ళు కూడా కనబడతారు, వెదురు కర్రలకి కట్టిన కుర్చీ, ముందొకరు వెనకొకరు. ఆ ఫొటో చూపిస్తే అమ్మ, "నేను ఇంకో మనిషి భుజాల మీద ఎక్కి కొండ చూడనురా, కింద కూర్చుని మీరు దిగేదాకా చూస్తుంటా" అంది. సరే, కింద వాగు ఉంది కదా.

ఇక ఎప్పుడు వెళ్ళాలన్నది. మన పిల్లల సెలవుల్ని చైనా సెలవుల పక్కన పెట్టి చూస్తే నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది. అక్టోబరు 1 నుంచి 7 దాకా వాళ్ళకి జాతీయ దినోత్సవ సెలవులు, దేశం దేశమంతా రోడ్డు మీదే ఉంటుంది. మన దసరా సెలవులు చాలాసార్లు ఆ వారం మీదనో దాని అంచు మీదనో పడతాయి. అలా పడిన ఏడు పార్కు మాటే ఎత్తకండి. దసరా అక్టోబరు మూడో వారంలో వచ్చిన ఏడు మాత్రం ఎగిరి గంతేసి టికెట్లు కొనుక్కోండి, వాన తగ్గి, ఎండ ముదరక, జనం వెనక్కి పోయాక అంతకంటే మంచి కాలం లేదు. సంక్రాంతికి వెళ్తే మంచు కప్పిన స్తంభాలు దొరకొచ్చు, మెట్ల మీద మంచు పేరుకుని దారులు మూసేసే అవకాశం కూడా అంతే. వేసవి సెలవుల్లో అయితే మే డే వారాన్ని తప్పించాలి, జూన్‌లో వానలు దంచికొడతాయి, జూలై ఆగస్టుల్లో వాళ్ళ పిల్లలకి సెలవులు. మధ్యలో మిగిలేది మే రెండు, మూడు వారాలు. బావకి అక్టోబరు అంటే ట్యాక్స్ ఆడిట్ల కాలం, ఆఫీసు వదిలి కదల్లేడు, అందుకే మాకు మే. మే అంటే వాన ఖాయం, అందుకే నాలుగు రోజులు. ఈ ముక్క చెప్పేసరికి అక్క నా పక్కకి వచ్చేసింది, ఇంట్లో ఓట్లు మారడం అక్కణ్ణుంచే మొదలైంది.

దారి విషయానికొస్తే, బీజింగ్‌లోనో షాంఘైలోనో దిగడం కంటే గ్వాంగ్‌జౌలో దిగడం మేలు. 2020లో ఆగిపోయిన నేరు విమానాలు 2025 అక్టోబరు చివర్లో కోల్‌కతా నుంచి గ్వాంగ్‌జౌకి మళ్ళీ మొదలయ్యాయి, తర్వాత ఢిల్లీ నుంచి కూడా. గ్వాంగ్‌జౌ నుంచి జాంగ్‌జియాజియే వెస్ట్ స్టేషనుకి హైస్పీడు రైళ్ళున్నాయి, పగలు సగం రైల్లో పోతుంది గానీ కిటికీలోంచి హునాన్ వరిపొలాలూ కొండలూ చూసుకుంటూ పోవచ్చు. లేదంటే హునాన్ రాజధాని చాంగ్‌షా దాకా విమానం, అక్కణ్ణుంచి రైలు. రైలు టికెట్లు 15 రోజుల ముందు తెరుస్తారు, పాస్‌పోర్టు నంబరు మీద కొనాలి, స్టేషన్లో ఆ పాస్‌పోర్టే టికెట్టు. స్పెల్లింగులో ఒక్క అక్షరం తేడా వచ్చినా గేటు దగ్గర తిప్పలు, మన ఇంటిపేర్ల పొడవు తెలుసు కదా, రెండుసార్లు చూసుకోండి.

వీసాకి హైదరాబాద్‌లో చైనా కాన్సులేట్ లేదు. ఢిల్లీలో ఎంబసీ, ముంబై, కోల్‌కతాల్లో కాన్సులేట్లు, అంతే. టూరిస్టు వీసాని ఎల్ వీసా అంటారు. ఫారం పొడుగ్గా ఉంటుంది, రాకపోకల టికెట్లూ హోటలు బుకింగులూ జత చెయ్యాలి, కాబట్టి క్యాన్సిల్ చేసుకునే వీలున్న హోటళ్ళే బుక్ చెయ్యండి. అమెరికా పాస్‌పోర్టు ఉన్న మనవాళ్ళు ఇంకో దేశానికి పోతూ మధ్యలో 240 గంటల దాకా వీసా లేకుండా ఆగొచ్చు, 2024 డిసెంబరు నుంచి ఆ సదుపాయం ఉంది. ఆ దేశాల జాబితాలో మన పాస్‌పోర్టు లేదు. డాలస్‌లో ఉండే మా కజిన్ ఈ సంగతి ఫ్యామిలీ గ్రూపులో పెట్టి నవ్వుతున్న ఎమోజీ కూడా పెట్టాడు, వాడి సంగతి తర్వాత చూస్తాం.

అక్కడ డబ్బు చెల్లించడానికి వాడే అలీపే, వీచాట్ యాప్‌లు ఫోన్లో ఇక్కడి నుంచే పెట్టుకుని కార్డు జతచేసుకోండి. 200 యువాన్ల లోపు చెల్లింపులకి అదనపు రుసుము ఉండదు, దాటితే 3 శాతం పడుతుంది. గూగుల్, వాట్సాప్ అక్కడి వైఫైలో పనిచెయ్యవు, మన సిమ్ముకి రోమింగో, టూరిస్టు ఈసిమ్మో ఉంటే పనిచేస్తాయి. చైనా లోపల తిరిగే విమానాల్లో పవర్ బ్యాంకు మీద 3సీ అనే చైనా భద్రతా ధ్రువీకరణ గుర్తు లేకపోతే తీసేసుకుంటారు, 2025 జూన్ చివర నుంచి ఆ నిబంధన వచ్చింది, మన దగ్గర కొన్న చాలావాటి మీద ఆ గుర్తు ఉండదు. ఈ విషయాల మీద వీడియోలు వందల్లో ఉన్నాయి కాబట్టి ఇంతటితో వదిలేస్తున్నాను.

బస మాత్రం ముఖ్యం. జాంగ్‌జియాజియే అనే నగరం వేరు, పార్కు తూర్పు గేటు దగ్గరున్న వూలింగ్‌యువాన్ ఊరు వేరు. రెంటికీ మధ్య ముప్పై కిలోమీటర్ల పైన. నగరంలో చవగ్గా హోటలు దొరికిందని దిగితే రోజుకి రెండు గంటలు బస్సుకి పోతాయి. పార్కు రోజులన్నీ వూలింగ్‌యువాన్‌లో ఉండి, చివరి రాత్రికి నగరంలోకి మారండి, ఎందుకంటే తియాన్‌మెన్ కొండకి పోయే కేబుల్ కారు నగరం నడిబొడ్డునే ఎక్కాలి. ఆ కొండ పార్కులో భాగం కాదు, టికెట్టు వేరు. చాలామంది రెండూ ఒకటే అనుకుని వస్తారు. 7,455 మీటర్ల కేబుల్ కారు, ఇళ్ళ కప్పుల మీదుగా మొదలై 1,518 మీటర్ల కొండ మీదకి పోతుంది, 99 మలుపుల రోడ్డు, కొండకి చిల్లుపడినట్టుండే పెద్ద ద్వారం, దాని కింద 999 మెట్లు. అదంతా ఒక తమాషా, తమాషాగా చూస్తే బ్రహ్మాండంగా ఉంటుంది. ఐదో రోజు దానికి. పార్కు రోజుల్లోంచి కోత కోసి దానికి ఇవ్వకండి.

గాజు వంతెన గురించి బావకీ నాకూ ఇంకా తెగలేదు. అదీ పార్కులో లేదు, గ్రాండ్ కేన్యన్ అని వేరే చోట, విడి టికెట్టుతో. 430 మీటర్ల పొడవు, లోయకి 300 మీటర్ల ఎత్తున. 2016 ఆగస్టులో తెరిచిన 13 రోజులకే మూసేశారు, రోజుకి 8 వేల మందికని కడితే దానికి పదింతల జనం ఎగబడ్డారు, నెల తిరిగేలోపు మళ్ళీ తెరిచారు. నా అభ్యంతరం ఒక్కటే. గాజు వంతెన ఎక్కడైనా కట్టొచ్చు, ఇప్పుడు చైనాలోనే బోలెడున్నాయి, మన దేశంలో కూడా కడుతున్నారు. కాళ్ళకి గుడ్డ చెప్పులు తొడుక్కుని, కింద లోయ ఉందని కెవ్వుమని అరవడానికి ఒక పూట ఖర్చుపెట్టే బదులు ఆ పూట వాగు దగ్గర పెడితే దొరికేది ఇంకెక్కడా దొరకదు. "పిల్లలకి కావాల్సింది అదేరా" అంటాడు బావ. పిల్లల్ని అడిగితే వాళ్ళకి కావాల్సింది కోతులు.

తిండి విషయంలో మనవాళ్ళు అనవసరంగా హడలిపోతారు. హునాన్ వాళ్ళు అన్నం తినే మనుషులు, కారం తినే మనుషులు. పచ్చిమిర్చి, ఎండుమిర్చి, ఊరబెట్టిన మిర్చి, ఏ గిన్నె చూసినా ఎర్రగానో పచ్చగానో ఉంటుంది. అక్కడి తూజియా జనం పొగబెట్టి ఆరేసిన పంది మాంసంతో చేసే వంటలు ప్రతి హోటల్లోనూ ఉంటాయి, మాంసం తినేవాళ్ళకి పండగే. చిక్కంతా అమ్మలాంటి శాకాహారులకి. ఆకుకూర వేపుడు అని తెస్తారు, పంది కొవ్వులో వేపుతారు, లేదా రుచి కోసం గుప్పెడు కైమా చల్లుతారు, అది మాంసం కింద వాళ్ళు లెక్కెయ్యరు. "వో చీ సు", అంటే నేను శాకాహారం తింటాను, ఈ మూడు ముక్కలూ ఫోన్లో చైనీసు అక్షరాల్లో రాసి పెట్టుకుని వంటగది దాకా తీసుకెళ్ళి చూపించాలి, మాంసం నూనె కూడా వద్దని కింద ఇంకో లైను ఉండాలి. టోఫు, వంకాయ, బంగాళాదుంప తురుము వేపుడు, అన్నం, దాని మీద మన కందిపొడి. గదిలో కెటిల్ ఉంటుంది, వేడినీళ్ళు పోస్తే అయ్యే ఉప్మా పొట్లాలు అరడజను పడేసుకుంటే పొద్దుటి గొడవ తీరుతుంది. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, పాల పదార్థాలూ తాజా పళ్ళూ విత్తనాలూ కస్టమ్స్ వాళ్ళు రానివ్వరు.

"నెయ్యి కూడానా?" అని అడిగింది అమ్మ.

"నెయ్యి కూడా."

"నెయ్యి లేకుండా కందిపొడి ఎలా తింటార్రా?" అని ఇంకా ఆలోచిస్తోంది. చైనా ప్రయాణం మీద అమ్మకి ఇప్పటిదాకా వచ్చిన ఏకైక సందేహం ఇదే.

చివరికి ఒప్పందం ఇలా కుదిరింది. బీజింగ్, షియాన్, షాంఘై తీసేశాం, అవి ఇంకోసారి. పార్కుకి నాలుగు రోజులు, తియాన్‌మెన్‌కి ఒకటి, రాకపోకలకి అటొకటి ఇటొకటి, గ్వాంగ్‌జౌలో ఒక పూట షాపింగు, అది మా ఆవిడ కోటా. పార్కు రోజుల్లో ఏ రోజు పైకి, ఏ రోజు వాగు దగ్గరకి అన్నది పొద్దున లేచి కిటికీ తీశాక చెబుతాను. ఏజెన్సీ కొటేషన్‌కీ దీనికీ ఖర్చులో తేడా ఎంతో బావ ఎక్సెల్ షీటు వేశాడు, లోపలి విమానాలు తగ్గాయి కాబట్టి మనదే చవగ్గా తేలింది, ఆ మాట మాత్రం నా చేత చెప్పించాడు గానీ తను చెప్పలేదు. గాజు వంతెన మూడో రోజు మధ్యాహ్నం తను ఒక్కడే వెళ్తాడట, ఆ టికెట్టు డబ్బు ఉమ్మడి ఖర్చులో వెయ్యనని అక్క తేల్చి చెప్పేసింది.